గోలీ కంటే ముందు బువ్వ

ఇంట్లో ఒకరికి డాక్టరు స్టెరాయిడ్ రాశాడనగానే చుట్టాలంతా అడిగేది పత్యం గురించే. వంకాయ మానాలా, ఎల్లిగడ్డ తినొచ్చా, పప్పు అరుగుతుందా అని. వాటికి జవాబులున్నాయి, చెబుతాను. కానీ ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీరు పొద్దున ఎన్నింటికి తింటున్నారు?

సిద్దిపేట ప్రాంతంలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంటి ఇల్లాలు ఐదింటికి లేస్తుంది. వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, ఇంత చాయ్ తాగి పనిలో పడుతుంది. పిల్లలకు డబ్బాలు కట్టి, అత్తమామలకు పెట్టి, భర్తను పనికి పంపి తాను కంచం ముందు కూర్చునేసరికి పది దాటుతుంది. దుబ్బాక వైపు బీడీలు చేసే ఇళ్లలోనైతే చాట ఒళ్లోకి వచ్చాక ఆకలే గుర్తుండదు. కూలి వెయ్యి బీడీల లెక్కన కదా! కీళ్లవాతానికో ఉబ్బసానికో రాసిన గోలీ మాత్రం పొద్దున్నే ఆ చాయ్‌తో లోపలికి పోతుంది. పదకొండింటికి కడుపులో మంట, పుల్లటి తేన్పులు, గొంతులోకి ఎగదన్నే నీళ్లు. అప్పుడు తప్పంతా రాత్రి తిన్న వంకాయ కూర మీద పడుతుంది.

అందుకే మొదటి మార్పు వంటింట్లో కాదు, మనసులో రావాలి. అందరికంటే ముందు తినడం స్వార్థం కాదు. మందు వాడుతున్న మనిషికి అది చికిత్సలో భాగం. పొద్దున ఎనిమిదింటికి నాలుగు ముద్దలు తిని గోలీ వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అత్తగారు ఇంకా తినలేదన్న మొహమాటం వద్దు. 'అత్తమ్మా, ఈ గోలీ తిన్నంకనే వేసుకోవాలట, నేను ముందుగాల తింటున్న' అని ఒక్కసారి నోరు తెరిచి చెప్పండి. మొదటి రోజు కొత్తగా ఉంటుంది. వారం పోతే ఇంటికి అలవాటవుతుంది.

పొద్దుటి వేళకే ఎందుకంత పట్టింపు అంటే, మన శరీరం కూడా రోజూ కార్టిసాల్ అనే స్టెరాయిడ్‌ను సొంతంగా తయారుచేసుకుంటుంది. మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల పని అది. తెల్లవారుజామున పెరిగి, పొద్దున ఎక్కువగా ఉండి, రాత్రికి తగ్గిపోతుంది. రోజుకొకసారి వేసుకునే ప్రెడ్నిసొలోన్‌ను టిఫిన్ తర్వాత వేసుకోమనేది ఆ లయకు దగ్గరగా ఉంటుందనే. పొద్దుపోయాక వేసుకుంటే నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే తెల్లారి ఆకలి, కోపం, కడుపు మూడూ అదుపు తప్పుతాయి.

ఈ మందు కథ తెలిస్తే దాని మీద భయమూ తగ్గుతుంది, నిర్లక్ష్యమూ తగ్గుతుంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం, కీళ్లవాతంతో కదల్లేని ఒక యువతికి కార్టిజోన్ ఇంజెక్షన్లు ఇచ్చింది. కొద్ది రోజులకే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు, కెండాల్, రైక్‌స్టైన్‌లతో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బుతుందనీ, షుగర్ పెరుగుతుందనీ, ఎముకలు గుల్లబారతాయనీ త్వరలోనే తెలిసొచ్చింది. మోతాదు తగ్గించుకునే దారి చూపినవాళ్లలో మన తెలుగువాడొకడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకునే ఆ గోలీ వల్ల ఇవాళ ఎందరో కీళ్లవాత రోగులు స్టెరాయిడ్ తగ్గించుకోగలుగుతున్నారు. దాని వల్ల వచ్చే వికారం, నోటిపూత తగ్గడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను తొలిసారి ప్రయోగశాలలో తయారుచేసిందీ ఆ బృందమే.

ఇక కడుపు సంగతి. కడుపు లోపలి గోడను జిగట పొర ఒకటి ఆమ్లం నుంచి కాపాడుతుంది. ఆ పొరను నిలబెట్టే ప్రోస్టాగ్లాండిన్లను స్టెరాయిడ్ కొంత తగ్గిస్తుంది. స్టెరాయిడ్ ఒక్కటే అయితే పుండు పడే ప్రమాదం అంత పెద్దది కాదు. అసలు ప్రమాదం నొప్పి గోలీ తోడైనప్పుడు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ లాంటివి అదే పొర మీద దెబ్బకొడతాయి. రెండూ కలిస్తే పుండు, రక్తస్రావం ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. మోకాళ్ల నొప్పి అంటే చాలు ఊళ్లో ఆరెంపీ దగ్గర ఒక సూది, మెడికల్ షాపులో కాగితంలో చుట్టిన నాలుగు గోలీలు. అందులో ఏముందో అడిగేవాళ్లు లేరు. కొన్నిసార్లు అందులోనే ఇంకో స్టెరాయిడ్ ఉంటుంది. పేరు చెప్పకుండా అమ్మే నొప్పుల పొడుల్లోనూ అది దొరికిన సందర్భాలున్నాయి. నేను పత్యం మీద ఒక్క మాటే చెప్పాల్సివస్తే ఇదే చెబుతాను: మీ డాక్టరుకు తెలియని నొప్పి గోలీ ముట్టకండి. వంకాయ కంటే వెయ్యి రెట్లు ముఖ్యమైన పత్యం అది.

ఇప్పుడు కంచంలోకి వద్దాం. పొద్దున గోలీకి ముందు తినేది మెత్తగా, కారం తక్కువగా, కడుపుకు ఆసరాగా ఉండాలి. రెండు ఇడ్లీలు, పెసరపప్పుతో కాస్త అన్నం, పలుచటి కూరతో జొన్నరొట్టె, చల్లలో కలిపిన జొన్న గట్క ఏదైనా సరే. తైదల అంబలి ఇంకా మంచిది. స్టెరాయిడ్ ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తుంది కదా, వంద గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పావు లీటరు పాలలో ఉండేది దాదాపు 300. నువ్వులు, మునగాకు కూడా మన ఇళ్లకు కొత్తవి కావు. సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సద్దిని ఏడాదికొకసారికే ఎందుకు పరిమితం చేయాలి? అయితే అంబలిలో బెల్లం గుమ్మరించొద్దు. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్‌కు మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో షుగర్ పెరుగుతుంది. పరగడుపున మాత్రమే చూసుకునేవాళ్లకు అది దొరకదు కాబట్టి, మధ్యాహ్నం తిన్నాక ఎప్పుడు చూపించుకోవాలో డాక్టరును అడగండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు కాల్షియం, కొబ్బరినీళ్లు, అరటిపండ్ల విషయంలో తమ డాక్టరు మాటే పాటించాలి. అందరికీ ఒకే పత్యం కుదరదు.

మంట పుట్టగానే చల్లటి పాలు తాగడం చాలామందికి అలవాటు. కాసేపు హాయిగా ఉంటుంది కానీ ఆ తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది. పాలు తాగండి, ఆహారంగా తాగండి. గ్యాస్ మందుగా లెక్కపెట్టకండి. మంటకు గులాబీ రంగు గ్యాస్ సిరప్ తాగేవాళ్లు దానికీ స్టెరాయిడ్ గోలీకీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచండి. పైపూత ఉన్న గోలీని నూరడం, విరవడం వద్దు. ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ లాంటి గోలీ తిండికి అరగంట ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. అది మీకు అవసరమో కాదో డాక్టరు తేల్చాలి, పక్కింటివాళ్లు కాదు.

కారం వల్లే పుండు పడుతుందన్న మాట నిజం కాదు. ఉన్న మంటను అది రెచ్చగొడుతుంది, అంతే. మామిడికాయ తొక్కు, చల్లమిరపకాయలు, అప్పడాల్లో నాకు కారంకంటే ఉప్పు మీదే ఎక్కువ అభ్యంతరం. స్టెరాయిడ్ శరీరంలో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది. కాళ్లు ఉబ్బేది, బీపీ పెరిగేది అందుకే. రోజుకు అన్నీ కలిపి ఒక చెంచా, అంటే ఐదు గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పే మాట. బీరకాయ, సోరకాయ, పెసరపప్పు మీద చెయ్యి వేయండి. వంకాయైనా, ఎల్లిగడ్డైనా, పప్పైనా, మీకు ఏది పడదో మీ కడుపే చెబుతుంది. చిన్న నోటుబుక్కులో తిన్నదీ, మంట వచ్చిన వేళా రాసుకోండి. రెండు వారాలు రాస్తే ఊహలు పోయి లెక్క తేలుతుంది.

ఈ మందు తెచ్చే ఆకలి గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. అది మామూలు ఆకలి కాదు. తిన్న గంటకే మళ్లీ కడుపు ఖాళీ అన్నట్టుంటుంది, రాత్రి పదకొండింటికి వంటింట్లోకి లాగుతుంది. దాన్ని తిండిపోతుతనమనుకుని సిగ్గుపడకండి. సిగ్గుపడినవాళ్లు పగలంతా పస్తుండి రాత్రి ఒక్కసారే నింపుతారు. కడుపుకు అంతకంటే చెడ్డది లేదు. కొంచెం కొంచెం నాలుగైదు సార్లు తినండి. రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించి, రెండు మూడు గంటల తర్వాతే నడుం వాల్చండి. తిన్న వెంటనే కుర్చీలో కూలబడకుండా వీధి చివరిదాకా మెల్లగా నడిచి రండి. కోమటి చెరువు కట్ట దగ్గరున్నవాళ్లకైతే ఇంతకంటే మంచి చోటు అక్కర్లేదు. నడక ఎముకలకూ మేలే.

చుట్టాల ఇళ్లలో మాత్రం ఇంకో పరీక్ష ఎదురవుతుంది. కొమురవెల్లి మల్లన్న జాతరకో పెళ్లికో పోయినప్పుడు మటన్ కూర మీద మటన్ కూర వేసి 'ఇంకింత తిను' అని పట్టుబడతారు. కల్లు ముంత చేతికిస్తారు. అది ప్రేమే, కాదనను. కానీ మీ కడుపును మోసేది మీరే. వద్దనడం నేర్చుకోవడమంటే కసురుకోవడం కాదు. వడ్డించకముందే, నవ్వుతూ, ఒకే మాట చెప్పండి: 'మందులు నడుస్తున్నయి, ఇంత చాలు వదినా.' కారణాలు పది చెబితే వాదన మొదలవుతుంది. ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఆగిపోతుంది. ఉపవాసాలకూ అంతే. శివరాత్రికైనా, రంజాన్ నెలలోనైనా ముందుగా డాక్టరును అడగకుండా పస్తుండొద్దు.

హైదరాబాద్‌లో చూపించుకునేవాళ్లు రక్తపరీక్షల రోజున పరగడుపునే బస్సెక్కుతారు. వంద కిలోమీటర్ల ప్రయాణం, ఆపైన లైను. మధ్యాహ్నందాకా తిండీ ఉండదు, గోలీ ఉండదు, లేదంటే ఖాళీ కడుపున గోలీ ఉంటుంది. ఇడ్లీ డబ్బా, గోలీ రెండూ సంచిలో పెట్టుకోండి. రక్తం ఇచ్చిన వెంటనే తిని వేసుకోండి. ఏ పరీక్షకు పరగడుపు అవసరమో, ఏ గోలీ ఆపకూడదో ముందు విజిట్‌లోనే అడిగి రాయించుకోండి. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. చిన్న సందేహానికి హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. డాక్టరు ముందు చేతులు కట్టుకుని తలాడించడం మర్యాద అనుకుంటాం. అర్థమయ్యేదాకా అడగడమే అసలైన మర్యాద.

కడుపు మండుతోందని గోలీ మానేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. మూడు వారాలకు మించి వాడినవాళ్లలో అడ్రినల్ గ్రంథులు తమ పని మరచి నిద్రపోయి ఉండొచ్చు. ఉన్నట్టుండి ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. మోతాదు మెట్టుమెట్టుగా దిగాలి, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో. మీ అంతట మీరు పెంచుకోవడమూ అంతే చేటు. 2021లో కోవిడ్ రెండో దఫాలో, అదుపులేని షుగర్‌కు ఇష్టారాజ్యంగా వాడిన స్టెరాయిడ్లు తోడై ఎందరినో బ్లాక్ ఫంగస్ పాలు చేశాయి. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది.

మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటిది గానీ కనిపించినా, కడుపులో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వచ్చినా, వేసుకున్న గోలీ వాంతిలో పోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేయండి. స్టెరాయిడ్ నొప్పినీ జ్వరాన్నీ కప్పిపెడుతుంది కాబట్టి, నొప్పి కొంచెమే ఉందని ధైర్యం చెప్పుకోవద్దు. గోలీ పేరు, మోతాదు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. పంటి డాక్టరు దగ్గరికి పోయినా సరే, ముందు ఆ చీటీ చూపించండి.