బండిలో పసుపు లైటు వెలిగితే ముందు ఏం చూడాలి?

ఈ నెల గోడపత్రికకు సైన్సు పాఠం రాయమని మేడం గారు చెప్పారు. నేను మా చిన్నాన్న బండి గురించి రాస్తున్నాను. నవ్వకండి. ఇందులో సైన్సూ ఉంది, డబ్బులూ ఉన్నాయి.

మా చిన్నాన్నకి పాత పెట్రోలు వ్యాను ఉంది. సంత రోజున మా ఊరివాళ్ళని, పసుపు, మిరియాల బస్తాలని తీసుకెళ్తాడు. పోయిన ఏడాది డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపురంగులో వెలిగింది. పెట్రోలు కూడా ఎక్కువ తాగుతోంది. టౌనులో మెకానిక్ చూసి "టెంపరేచర్ సెన్సార్ పోయింది" అని కొత్తది వేశాడు. కూలితో కలిపి 3,300 రూపాయలు. వారం తిరక్కుండా లైటు మళ్ళీ వచ్చింది. ఈసారి "ఆక్సిజన్ సెన్సార్ పోయింది" అన్నాడు. అది 6,500. మా నాన్న కాఫీ గింజలు అమ్మిన డబ్బు చేబదులిచ్చాడు. మొత్తం 9,800 అయింది. లైటు మళ్ళీ వెలిగింది!

"నాకేటి తెలుసు? ఆయన చెప్పినాడు, నేనిచ్చినాను" అన్నాడు చిన్నాన్న.

సెన్సార్ అంటే ఏమిటి?

ఇప్పటి బండ్లలో ఇంజిన్‌కి ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఎంత పెట్రోలు పొయ్యాలో అదే చెబుతుంది. కానీ దానికి కళ్ళు లేవు, చర్మం లేదు. సెన్సార్లే దానికి కబురు చెబుతాయి. టెంపరేచర్ సెన్సార్ ఇంజిన్ నీళ్ళ వేడి చెబుతుంది. ఆక్సిజన్ సెన్సార్ పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చెబుతుంది. కబురు తేడాగా వస్తే కంప్యూటర్ పసుపు లైటు వెలిగించి, ఒక కోడు నంబరు దాచుకుంటుంది. స్కానర్ పెడితే ఆ నంబరు కనిపిస్తుంది. అమెరికాలో 1996 నుంచి అమ్మే కార్లన్నిటికీ ఇలాంటి పద్ధతి, ఓబిడి-2 అంటారు, తప్పనిసరి చేశారు. మన దేశంలో కూడా ఇప్పటి కార్లకి ఇది ఉంది.

అసలు తప్పు ఎక్కడ?

మా ఊరి అన్నయ్య ఒకడు ఐటిఐలో మోటారు మెకానిక్ చదివాడు. పండక్కి వచ్చినప్పుడు స్కానర్ పెట్టి చూశాడు. పి0128 అని వచ్చింది. దాని అర్థం "నీళ్ళు చాలినంత వేడెక్కడం లేదు" అని మాత్రమే. సెన్సార్ పోయిందని కాదు. కోడు జబ్బు లక్షణం చెబుతుంది గాని మందు పేరు చెప్పదు.

ఇంజిన్ బాగా వేడెక్కి ఉంది, కానీ స్కానర్‌లో 55 డిగ్రీలే చూపిస్తోంది. అన్నయ్య ఇంజిన్ ఆపి కనెక్టర్ ఊడదీశాడు. లోపల రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము! చిన్నాన్న బండిని గెడ్డలో దింపి ఇంజిన్ మీద కూడా నీళ్ళు కొట్టి కడుగుతాడు. అలా తడి లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు లెక్క చూడండి. పదో తరగతి అక్కల పుస్తకంలో ఉంది, వరుసగా కలిపిన నిరోధాలను కూడాలి. ఈ సెన్సార్ వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గుతుంది. 80 డిగ్రీల దగ్గర సుమారు 320 ఓంలు. చిలుము వల్ల ఇంకో 400 ఓంలు చేరాయి. 320 + 400 = 720. కంప్యూటర్ 720 చూసి "ఇంకా 55 డిగ్రీలే" అనుకుంది. చల్లగా ఉందని పెట్రోలు ఎక్కువ పోసింది. ఆక్సిజన్ సెన్సార్ "పెట్రోలు ఎక్కువైంది" అని నిజమే చెప్పింది. నిజం చెప్పినదాన్నే పీకి పారేశారు.

ఇంకో ప్రమాదం ఉంది. రేడియేటర్ ఫ్యాన్ కూడా ఈ కబురు మీదే తిరుగుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఫ్యాన్ ఆలస్యంగా తిరిగితే ఇంజిన్ ఉడికిపోతుంది. బండిలో పన్నెండు మంది ఉంటారు.

అన్నయ్య 250 రూపాయల క్లీనర్ సీసాతో పిన్నులు శుభ్రం చేశాడు. కోడు చెరిపేశాడు. లైటు మళ్ళీ రాలేదు.

గుర్తుంచుకోవలసినవి

1. ముందు కోడు నంబరు కాగితం మీద రాసుకోవాలి. తరువాతే చెరపాలి.
2. వైర్లు, కనెక్టర్, ఫ్యూజు చూడాలి. ఎలుకలు కూడా వైర్లు కొరుకుతాయి.
3. మల్టీమీటర్‌తో కొలవమని అడగాలి. కొలిచాకే కొనాలి.
4. పాత సామాను, బిల్లు అడిగి తీసుకోవాలి.
5. వేడి మీద రేడియేటర్ మూత తియ్యరాదు. ఎర్ర లైటు వెలిగితే బండి వెంటనే ఆపాలి.

మెకానిక్‌లందరూ మోసగాళ్ళని నేను అనను. ఆయన కొలవలేదు, మనవాళ్ళు అడగలేదు. అంతే.

చిన్నాన్న ఆ మొదటి సెన్సార్‌ని డాష్‌బోర్డులో దాచాడు. నేను అడిగి బడికి తెచ్చాను. మేడం గారు దాన్ని గ్లాసు నీళ్ళలో పెట్టి కొలిపించారు. 25 డిగ్రీల నీళ్ళలో 2,050 ఓంలు, 70 డిగ్రీల నీళ్ళలో 440 ఓంలు వచ్చాయి. అంటే అది అసలు పాడవలేదు! ఇప్పుడు సైన్సు గది బీరువాలో ఉంది, వచ్చి చూడండి.

నాన్న డబ్బు మాత్రం ఇంకా తీరలేదు. ఆ సెన్సార్ చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. మనం చదివే ఓంలు, కూడికలు పరీక్షకే కాదు, నాన్న జేబుకి కూడా.

ఇట్లు,
మీ స్నేహితురాలు, 9వ తరగతి