తొలకరి ముందు మెట్ట రైతు లెక్క

రెండు ఆగస్టులను నందిగామ, జగ్గయ్యపేట రైతులు అంత తేలిగ్గా మరిచిపోలేరు. 2023 ఆగస్టులో చినుకు కరువైంది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశమంతటా అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. నాగార్జునసాగర్ నిండలేదు. మరుసటి ఏడాది ఆగస్టు 31న మొదలైన కుంభవృష్టికి మునేరు పొంగి పొలాల మీద పడింది. ఐతవరం దగ్గర హైదరాబాద్ హైవే మీదే నీళ్లు పారాయి. పూత, కాయ మీదున్న పత్తి నీళ్లలో నిలబడిపోయింది.

ఒక పద్ధతి ఇలాంటి రెండు ఏళ్లనూ తట్టుకుని ఎకరాకు ఎంత మిగిల్చిందన్నదే వాతావరణానికి తగ్గ సాగుకు అసలు పరీక్ష. మంచి ఏడాదిలో వచ్చిన క్వింటాళ్లు చూసి ఏ పద్ధతినీ మెచ్చుకోనక్కర్లేదు.

ముందు విత్తే వేళ సంగతి. నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, పదును లోపలిదాకా దిగాకే పత్తి గింజ వేయాలి. మృగశిర కార్తె వచ్చిందని, పక్క చేలో అచ్చు తోలారని తొందరపడితే మొలకెత్తిన గింజ ఎండకు మాడుతుంది. 2025లో బీటీ పత్తి ప్యాకెట్ ధర 901 రూపాయలు. రెండోసారి విత్తితే ఆ ఖర్చుకు కూలి తోడవుతుంది, పంట కూడా వెనకబడుతుంది. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో ఫోన్లకు సందేశాలు పంపాయి. ఆ ప్రకారం ఆగి విత్తినవారికి సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చినట్లు ఆ సంస్థలు ప్రకటించాయి. రైతు చేతినుంచి ఒక్క రూపాయి పోలేదు. వాతావరణ శాఖ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వస్తాయి. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూసుకోవచ్చు. గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం నందిగామ, జగ్గయ్యపేట రైతులకు దగ్గరే.

వాన ఎక్కువైతే ఏం చేయాలన్నది కూడా విత్తేనాడే తేలాలి. సాళ్ల మధ్య బోదెలు తోలి, చేను వాలు చూసుకుని నీరు బయటికి పోయే కాల్వ తీయడానికి అయ్యే ఖర్చు తక్కువ. అది లేని చేలో నీళ్లు రెండు మూడు రోజులు నిలిస్తే వేళ్లకు గాలి ఆడక మొక్కలు ఉన్నట్టుండి వాడిపోతాయి. అప్పుడు నీళ్లు తీసేసి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లలో పోయాలి. వేళ్లు తేరుకునేదాకా 19-19-19 ఎరువును లీటరుకు 10 గ్రాముల చొప్పున ఆకులపై పిచికారీ చేయాలి. అయితే ఈ మందులేవీ ముందే తీసిన కాల్వకు సాటిరావు.

అధిక సాంద్రత పత్తి మీద ఇప్పుడు చాలామందికి ఆశ ఉంది. 90×60 సెంటీమీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 7,500 మొక్కలుంటే, 90×15లో 30 వేల దాకా పడతాయి. కాయలు దాదాపు ఒకేసారి విచ్చుకుని పంట ముందే చేతికొస్తుంది. గులాబీ పురుగు ముదిరేలోగా చేను ఖాళీ అవుతుంది, రెండో పంటకు చోటు దొరుకుతుంది. కానీ మొక్కలు నాలుగింతలైతే విత్తనమూ అంతే కొనాలి. పైగా ఈ పద్ధతి తేలిక నేలలకు సరిపోతుంది. లోతైన రేగడిలో ఇంత దగ్గరగా వేస్తే మొక్క ఏపుగా పెరిగి కాపు తగ్గుతుంది. అక్కడ 90×30 చాలు, ఎదుగుదలను అదుపులో పెట్టే మెపిక్వాట్ క్లోరైడ్ తప్పదు. మొదటి ఏడాది ఒక ఎకరంలో చూసుకోవడం మంచిది.

ప్రకృతి వ్యవసాయం సంగతి వేరు. రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి దక్కింది. 2023లో వెలువడిన జిస్ట్ ఇంపాక్ట్ అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌లో ప్రధాన పంటల దిగుబడి సగటున 11 శాతం, నికరాదాయం 49 శాతం పెరిగాయని తేల్చింది. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే కిటుకు ఉంది. గింజ కొంచెమే పెరిగినా ఎరువుల, మందుల ఖర్చు బాగా తగ్గింది. అందుకు బదులు పని పెరుగుతుంది. ఎకరాకు 400 కిలోల ఘనజీవామృతం కావాలంటే ఇంట్లో పశువులో, ఊళ్లో తయారుచేసి అమ్మేవారో ఉండాలి.

తొలకరికి ముందు నవధాన్యాలు చల్లడం ఇందులో మొదటి మెట్టు. విత్తనాలకు బీజామృతం పట్టించి, మెత్తటి బంకమట్టి, బూడిద పొరలుగా అద్ది గుళికల్లా చేసి ఆరబెడతారు. దుక్కిలో చల్లాక పైన గడ్డిగాదం కప్పుతారు. ఆ మట్టిపొర చలవతో గింజ చిన్న జల్లుకు తొందరపడదు, చీమలకూ చిక్కదు. ఏరువాక నాటికి నేల మీద పచ్చదనం ఉంటుంది, పశువులకు మేత దొరుకుతుంది.

సాగర్ ఎడమ కాల్వ కింద, బోర్ల కింద వరి వేసేవారికి ఆరుతడి పద్ధతి ఉంది. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగమంతా చిల్లులు పెట్టి మడిలో పాతాలి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం మడిలో నీరు నిలిచి ఉండాలి. నీరు 30 శాతం దాకా ఆదా అవుతుంది, మీథేన్ బాగా తగ్గుతుంది, దిగుబడి తగ్గదు. నిజం చెప్పాలంటే కాల్వ మొదట్లో ఉన్న రైతుకు దీనివల్ల జేబులోకి వచ్చేది స్వల్పం, కరెంటు ఉచితం కాబట్టి బోరు రైతుకూ అంతే. లాభమంతా చివరి భూములది. అందుకే కాల్వ కింద ఊరంతా కలిసి చేస్తేనే ఇది పనికొస్తుంది.

మిర్చి రైతు 2021లో నల్ల తామర పురుగు చేతిలో తిన్న దెబ్బ మామూలుది కాదు. వారానికోసారి మందు మార్చి కొట్టినా తోటలు దక్కలేదు. నీలిరంగు జిగురు అట్టలు, చుట్టూ రెండు మూడు వరుసల జొన్న, వేపనూనె, మల్చింగ్ షీటు, డ్రిప్పు మొదటి రోజు నుంచే ఉంటే పురుగు మందుల బిల్లు తగ్గుతుంది.

ఈ సలహాలన్నీ సొంత భూమి రైతుకు తేలిగ్గా ఎక్కుతాయి. కౌలు రైతు మాట వేరు. ఈ ఏడు నేలను బాగుచేస్తే వచ్చే ఏడు అదే చేను దక్కుతుందన్న నమ్మకం అతనికి లేదు. కనీసం రెండు మూడేళ్లకు కౌలు రాసిస్తే తప్ప అతను నవధాన్యాల మీద డబ్బు పెట్టడు, పెట్టలేడు కూడా. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం ఇప్పుడే, దుక్కి దున్నకముందే అడగాలి. విత్తాక రైతు సేవా కేంద్రంలో ఈ-క్రాప్ నమోదు చేయించుకోవాలి. మద్దతు ధరకు అమ్మాలంటే అది కావాలి. ఆ ధర పూర్తిగా దక్కాలంటే పత్తి తీసేటప్పుడు మంచు ఆరాకే చేలోకి దిగాలి, తీసిన పత్తిని పరదాల మీద ఆరబెట్టాలి. తేమ 8 శాతం దాటిన కొద్దీ భారత పత్తి సంస్థ (సీసీఐ) ధర కోస్తుంది, 12 దాటితే అసలు కొనదు.