పుస్తకముల అంగడిలో దయ్యము

రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు సమీపమున ఒక పాత పుస్తకముల అంగడి యుండెను. రాత్రి తలుపులు వేసిన పిదప లోపల కటకటమని చప్పుడగుచుండెను. తెల్లవారునప్పటికి పుస్తకములు క్రిందబడి, వాని అట్టలు చినిగి యుండెడివి. "అది చదువరి దయ్యము" అని అందరును చెప్పుకొనసాగిరి. కొనువారు రాక మానిరి. వేరు జీవనాధారము లేకున్నను ముసలి యజమాని అంగడి మూసివేయ నిశ్చయించెను.

మనుమడు మాత్రము, "తాతయ్యా! ఒక్క రాత్రి కావలి యుందము" అనెను. ఇరువురును లాంతరు తగ్గించి కూర్చుండిరి. అర్ధరాత్రమున బాలశిక్ష యొకటి నేలమీద తనంతట తాను నడువసాగెను! తాత గడగడ వణకుచు ఆంజనేయ దండకము నందుకొనెను. మనుమడు లాంతరెత్తి చూచి, "తాతయ్యా! దయ్యములకు తోక యుండునా?" అని యడిగెను.

పుస్తకము మాటున పందికొక్కు! అట్టలకు పూసిన పిండిజిగురు దానికి విందు. అక్షరములతో దానికి పని లేదు. మరునాడే తాత కన్నము పూడ్పించి, అట్టలు మరల కట్టించెను. పురుగైనను ముట్టకుండ జిగురులో మైలుతుత్తము కలిపించెను.

కొనువారు తిరిగి వచ్చిరి. పిల్లలు, "దయ్యము చదివిన పుస్తకమేది?" అని యడిగినప్పుడు తాత ఆ బాలశిక్షను చూపి, "అది నాలుగు పుటలు జీర్ణము చేసికొన్నది. మీరెన్ని చేసికొందురో చూతము!" అని నవ్వెడివాడు.