చెప్పని మాట కూడా చరిత్రే



1981 ఏప్రిల్ 20, సోమవారం. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సంత రోజు. భూములకు పట్టాలు కావాలని గిరిజన రైతుకూలీ సంఘం సభ పెట్టింది. వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. ఇంకా చాలామంది చనిపోయారని హక్కుల సంఘాలు చెప్పాయి.

లెక్క ఎందుకు కలవలేదు? నాకు రెండు కారణాలు కనబడుతున్నాయి.

1. భయం: “నాకు దెబ్బ తగిలింది” అంటే సభకు పోయినట్టు ఒప్పుకున్నట్టే. కేసు అయితదని నోరు మూసుకున్నామని మా ఊరి పెద్దలు అంటరు.

2. భాష: చూసినవాళ్లది గోండి. రాసుకున్నవాళ్లది తెలుగు, ఇంగ్లీషు. మా అవ్వ గోండిలో గంటసేపు చెప్తది. తెలుగులో అడిగితే “ఏం లేదు బిడ్డా” అంటది. తెలియక కాదు.

చనిపోయినవారి గుర్తుగా అక్కడ స్థూపం ఉంది. చాలా ఏండ్లు ఏప్రిల్ 20న అక్కడికి జనాన్ని పోనియ్యలేదు. ఏడ్వడానికి కూడా జాగా లేకపాయె.

సెలవులకు పోయినప్పుడు పెద్దవాళ్లను వాళ్ల భాషలోనే అడుగుదాం. తొందరపెట్టొద్దు. చెప్తూ ఆగిపోతే “ఇక్కడ ఆగింది” అని రాద్దాం. పేరు వద్దంటే రాయొద్దు. ఆ మౌనాన్ని మన మాటలతో నింపొద్దు.

– 9వ తరగతి విద్యార్థిని