ముందు అతని దగ్గరికే వెళ్లు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. క్వయర్ ప్రాక్టీసులో అందరి ముందు నీ స్నేహితుడు నిన్ను చిన్నబుచ్చాడనీ, అప్పటినుంచి చర్చికి వెళ్లినా వెనక వరసలో కూర్చుని వచ్చేస్తున్నావనీ రాశావు. నీ బాధ న్యాయమైనదే. కానీ ఆ సంగతి అమ్మకు చెప్పావు, యూత్‌లో నలుగురికి చెప్పావు, పాస్టరుగారి దాకా తీసుకెళ్లావు. అతనికి మాత్రం చెప్పలేదు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు ఒక వరస పెట్టాడు. సహోదరుడు నీపట్ల తప్పు చేస్తే ముందు మీరిద్దరే మాట్లాడుకోవాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మనం ఆ వరసను తలకిందులు చేస్తాం. ఊరంతా తెలిశాక అతనికి తెలుస్తుంది. అప్పుడతను తప్పు ఒప్పుకోడు, పరువు కాపాడుకుంటాడు.

తప్పు మనదైతే? దానికి 5వ అధ్యాయం చూడు. అర్పణను బలిపీఠం ముందే వదిలి, వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు. ఆ మాట చెప్పింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. నడిస్తే రోజుల ప్రయాణం. అయినా వెళ్లమన్నాడు. తప్పు ఎవరిదైనా మొదటి అడుగు నీదే.

వాట్సాప్‌లో వద్దు, ప్రార్థన చేసుకుని నేరుగా వెళ్లు. "నువ్వెప్పుడూ ఇంతే" అనకు. "ఆ రోజు అందరి ముందు అలా అంటే నాకు చాలా కష్టమనిపించింది" అని జరిగిన ఆ ఒక్క సంగతే చెప్పు. తర్వాత అతను చెప్పేది పూర్తిగా విను. నీ వైపు పొరపాటుంటే ఒప్పుకో, వెనకాల "కానీ" తగిలించకు.

ఒక్కరోజులో అన్నీ సర్దుకోకపోవచ్చు. బైబిల్లోనే చూడు, సువార్త ప్రయాణానికి మార్కును వెంట తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు తీవ్రంగా వాదులాడుకుని విడిపోయారు. బర్నబా మార్కుతో కుప్రకు వెళ్లాడు, పౌలు సీలతో సిరియ, కిలికియల మీదుగా వెళ్లాడు. తర్వాత చెరలో ఉండి తిమోతికి రాసిన పత్రికలో, మార్కును తీసుకురమ్మని, అతను పరిచర్యకు పనికొస్తాడని పౌలే కోరాడు. నాడు వద్దన్నవాణ్ణే పిలిపించుకున్నాడు.

అందుకే అతను వెంటనే మెత్తబడకపోయినా ద్వేషం పెంచుకోకు, తలుపు మూసేయకు. వచ్చే ఆదివారం ఆరాధనలోపే అతనింటికి వెళ్లిరా. మీ ఇద్దరి కోసం ప్రార్థిస్తున్నాను.

ప్రభువునందు,
నీ అక్క