బండ సందులో నెమలిజుట్టు

రాయి మీద మొక్క మొలుస్తుందా?

"మట్టి లేదు, నీళ్ళు లేవు. ఎట్ల మొలుస్తది?" అంటాం. కానీ కాచిగూడలో పాత ఇళ్ళ ప్రహరీ గోడలు మీరు చూసే ఉంటారు. రాయీ సున్నమూ పెట్టి కట్టిన గోడలవి. వానాకాలం వస్తే ఆ గోడల సందుల్లో పచ్చగా ఏదో ఒకటి లేస్తుంది. ఎవరూ విత్తనం వెయ్యలేదు. ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. మనం చీపురు పట్టుకుని గీకి పారేస్తాం. మళ్ళీ ఏడాది మళ్ళీ వస్తుంది.

అట్లా రాతి సందుల్లో పెరిగే ఒక చిన్న మొక్క గురించి ఈ పాఠంలో చదువుకుందాం. దాని పేరు మయూరశిఖ. మయూరం అంటే నెమలి. శిఖ అంటే జుట్టు. నెమలి తల మీద కుచ్చు ఉంటుంది కదా, ఈ ఆకు అచ్చం అట్లా ఉంటుంది. అందుకే ఆ పేరు.

మొక్క ఎత్తు మహా అయితే జానెడు. సన్నని కాడ. కాడ చివర ఆకు విసనకర్రలాగా విచ్చుకుంటుంది. ఆకు మొదట రెండు పాయలవుతుంది. ఆ రెండూ నాలుగవుతాయి. నాలుగూ ఎనిమిదవుతాయి. చివరికి ఈనెల్లాంటి సన్నని పాయలు మిగులుతాయి. తాటిచెట్టును బొమ్మరిల్లుకు సరిపడేంత చిన్నది చేసి బండ సందులో నాటినట్టు ఉంటుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఆక్టినియోప్టెరిస్ రేడియేటా అంటారు. నోరు తిరగని పేరే. కానీ అర్థం సులువు. సూర్యుడి కిరణాల్లా విచ్చుకున్న ఆకు అని.

ఈ శాస్త్రం పేరు పక్కన పుస్తకాల్లో ఇంకో పేరు కూడా రాస్తారు. అది కోనిగ్ అనే వైద్యుడి పేరు. ఆయన దూరదేశం నుంచి 1768లో తమిళనాడులోని తరంగంబాడికి వచ్చాడు. ఊరూరూ తిరిగి మొక్కలు పోగుచేశాడు. 1785లో మన కాకినాడ దగ్గర జగన్నాథపురంలో చనిపోయాడు. మన నాటు వైద్యులకు ఈ మొక్క అంతకు ముందే తెలుసనుకోండి. పుస్తకంలోకి ఎక్కింది మాత్రం ఆయన పేరు.

మయూరశిఖ ఫెర్న్ జాతి మొక్క. ఫెర్న్ మొక్కలు పూలు పూయవు. పువ్వు లేదు కాబట్టి కాయ లేదు. కాయ లేదు కాబట్టి గింజ లేదు. మరి పిల్ల మొక్కలు ఎట్లా వస్తాయి? ఆకు తిప్పి చూస్తే తెలుస్తుంది. ఆకు వెనుక వైపు, పాయల అంచుల వెంట గోధుమ రంగు గీతలు ఉంటాయి. "ఆకుకు తెగులు పట్టింది" అనుకుంటాం. తెగులు కాదు. ఆ గీతల్లో పొడి ఉంటుంది. అది పసుపు పొడికన్నా మెత్తగా ఉంటుంది. ఆ పొడిలోని ఒక్కొక్క రేణువును సిద్ధబీజం అంటారు. గాలి వీస్తే అవి ఎగిరిపోతాయి. ఎగిరి ఏ గోడ సందులోనో, ఏ బండ నెర్రెలోనో పడతాయి.

అక్కడ తడి తగిలితే సిద్ధబీజం మొలుస్తుంది. కానీ వెంటనే ఫెర్న్ మొక్క రాదు. ముందు గోరంత కూడా లేని పచ్చని రేకు ఒకటి వస్తుంది. ఆ రేకు మీదే ఆడ కణం, మగ కణం తయారవుతాయి. మగ కణం ఆడ కణం దగ్గరికి ఈదుకుంటూ పోవాలి. ఈదాలంటే నీళ్ళు కావాలి. ఒక్క వాన చుక్క తడి చాలు. ఆ తడి లేకపోతే మాత్రం పిల్ల మొక్క పుట్టదు. అందుకే ఈ మొక్కకు వానాకాలమే పెళ్ళి ముహూర్తం.

పూలు పూసే మొక్కలు భూమి మీదికి రాకముందే ఫెర్న్‌లు ఉన్నాయి. 35 కోట్ల ఏళ్ళ కిందటే ఫెర్న్‌లు ఉన్నాయని రాళ్ళలో దొరికిన ఆకుల అచ్చులు చెబుతున్నాయి.

రాళ్ళ మాట వచ్చింది కాబట్టి మన రాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు చుట్టూ ఉన్న గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు గ్రానైటు రాయి. వాటి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. ఇప్పుడు కాచిగూడలో ఇళ్ళూ దుకాణాలే తప్ప బండలు కనపడవు. కానీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగితే ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణ వస్తుంది. అక్కడ ఇంకా బండలున్నాయి. ఇంకొంచెం దూరం పోతే మౌలాలి గుట్ట. మయూరశిఖను ఇట్లాంటి బండల నెర్రెల్లో, పాత రాతి గోడల సందుల్లో వెతకాలి. ఇది ఒక్క మన దేశపు మొక్క కాదు. ఆఫ్రికాలో ఉంది, అరబ్బు దేశాల్లో ఉంది, శ్రీలంకలో ఉంది. ఎక్కడున్నా రాతి సందే దాని ఇల్లు.

ఎండాకాలంలో బండ మీద చెప్పుల్లేకుండా నిలబడగలమా? బండ పనికి పోయే అక్కలను అడిగితే చెబుతారు. నెలల తరబడి ఆ నెర్రెలో చుక్క నీరు ఉండదు. అప్పుడు ఈ మొక్క ఏం చేస్తుంది?

ఆకులు ముడుచుకుంటుంది. విసనకర్ర మూసినట్టు పాయలన్నీ దగ్గరికి వచ్చి లోపలికి వంగిపోతాయి. పచ్చదనం పోయి గడ్డిపరక రంగు వస్తుంది. ముట్టుకుంటే గలగలమంటుంది. చూసినవాళ్ళు "చచ్చిపోయింది" అంటారు. కానీ అది చావలేదు. తొలకరి వాన పడిన కొన్ని గంటల్లో, లేదా ఒక రోజులో, అదే ఆకు మళ్ళీ విచ్చుకుంటుంది. ఇది కొత్త చిగురు కాదు. ఆ ఎండిన ఆకే పచ్చబడుతుంది.

ఇది మామూలు సంగతి కాదు. తోటకూర కట్ట ఒక పూట వాడితే నీళ్ళు చల్లి లేపుతాం. అదే కట్ట వారం రోజులు ఎండిపోయిందనుకోండి. అప్పుడు నీళ్ళలో వేస్తే కుళ్ళుతుంది తప్ప లేవదు. ఎందుకు? ఆకు అంటే కోట్ల కొద్దీ నీటి సంచులు. వాటిని కణాలు అంటారు. నీరంతా పోతే ఆ సంచులు నలిగి చినిగిపోతాయి. చినిగిన సంచిలో నీళ్ళు పోస్తే నిలుస్తాయా?

మయూరశిఖ లాంటి మొక్కలు తమలోని నీటిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా పోయినా బతుకుతాయి. ఎండిపోయేటప్పుడు ఈ మొక్కలు తమ కణాల్లో చక్కెర జాతి పదార్థాలను నింపుకుంటాయి. బెల్లం పాకం గట్టిపడితే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. అట్లాగే ఆ చక్కెర కణం లోపల గట్టిపడి, గోడలు కూలకుండా దన్నుగా నిలబడుతుంది. వాన పడితే పాకం కరుగుతుంది. కణం మళ్ళీ పని మొదలుపెడుతుంది. ఈ గుట్టు పూర్తిగా తెలిస్తే కరువుకు తట్టుకునే వరి, జొన్న తయారు చెయ్యొచ్చునని దేశదేశాల శాస్త్రవేత్తలు చూస్తున్నారు.

మన మేలు కోరి ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి.

మీ వాడకు ఒకాయన వచ్చాడనుకోండి. సంచిలోంచి గోధుమ రంగు ఎండు ఉండ ఒకటి తీస్తాడు. పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో వేస్తాడు.

"సంజీవని అమ్మా! హనుమంతుడు తెచ్చిన సంజీవని! చూస్తుండండి, చచ్చిన ఆకు లేస్తది. ఆకే లేచినంక మీ రోగం పోదా?"

కాసేపటికి ఉండ విచ్చుకుంటుంది. పచ్చబడుతుంది.

"ఓ వదినా, ఇటు రా! నిజంగనే లేచిందే!"

పక్కింటి వదిన కొంగు ముడి విప్పుతుంది.

ఆయన పళ్ళెంలో వేసింది ఎక్కువగా సెలాజినెల్లా అనే మొక్క. అది ఫెర్న్‌లకు దూరపు చుట్టం. తీర్థాల దగ్గర, జాతరల్లో సంజీవని పేరుతో అమ్ముతుంటారు. అందులో గారడీ లేదు. ఆకు లేవడం నిజం. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటే అబద్ధం. ఆకు తన కణాలను తాను కాపాడుకుంది. మన కడుపులోని పుండును, మన షుగరు జబ్బును అది బాగుచేస్తుందని ఎక్కడా రుజువు కాలేదు.

మయూరశిఖ పేరు చెప్పి కూడా ఇట్లాంటి మాటలు చెబుతారు. నాటు వైద్యంలో ఈ ఆకును రక్తం ఆగడానికి, కడుపులో పురుగులకు వాడడం ఉంది. పిల్లలు పుట్టడానికి కూడా ఇస్తారు. ఇక్కడే ఆడవాళ్ళు ఎక్కువ మోసపోతారు. పెళ్ళయి నాలుగేళ్ళయినా కడుపు పండలేదంటే చుట్టుపక్కల వాళ్ళ మాటలు ఎట్లా ఉంటాయో మనకు తెలియంది కాదు. ఆ బాధలో ఎవరు ఏ పొడి ఇచ్చినా మింగుతాం. ప్రయోగశాలల్లో ఈ ఆకు రసం మీద పరీక్షలు జరిగాయి. కానీ దీన్ని తింటే గర్భం నిలుస్తుందని మనుషుల మీద పరీక్ష చేసి రుజువు చేసింది లేదు. కారణం మగవారి వైపు కూడా ఉండొచ్చు. ఉండొచ్చు ఏమిటి, దాదాపు సగం జంటల్లో ఉంటుంది. ఆడమనిషి ఒక్కతే పొడులు మింగితే ఏం లాభం? భార్యాభర్తలు ఇద్దరూ డాక్టరు దగ్గరికి పోవాలి. కాచిగూడ వాళ్ళకు సుల్తాన్‌బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి దగ్గరే. అక్కడ అడిగితే ఏ పరీక్ష ఎక్కడ చేస్తారో చెబుతారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మయూరశిఖ అనే పేరు ఒక్క మొక్కకే లేదు. మన పెరట్లో ఎర్రగా పూసే కోడిజుట్టు పువ్వును కూడా కొన్ని పాత పుస్తకాలు మయూరశిఖ అంటాయి. ఇంకో రకం ఫెర్న్‌నూ అదే పేరుతో పిలుస్తారు. ఎండబెట్టి పొడి చేసి పొట్లం కట్టాక అది ఏ మొక్కో ఎవరు చెప్పగలరు? పొట్లం మీద ఏం రాసి ఉందో చదవండి. ఏమీ రాసి లేకపోతే మరీ అనుమానించండి.

గోడ మీద మొలిచిన ఫెర్న్ ఆకు కదా అని నోట్లో పెట్టుకోవడం కూడా మంచిది కాదు. మన పాత గోడలకు పైపు కారే చోట, తడి ఆరని చోట ఇంకో ఫెర్న్ కనిపిస్తుంది. పొడుగాటి ఆకులు, దువ్వెన పళ్ళలా రెండు వైపులా సన్నని రేకులు. దాని శాస్త్రం పేరు టెరిస్ విట్టేటా. 2001లో అమెరికా శాస్త్రవేత్తలు దాని సంగతి ఒకటి బయటపెట్టారు. నేలలో ఆర్సెనిక్ అనే విషం ఉంటే, అదే మనం పాషాణం అంటామే అది, ఈ మొక్క దాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది. విషం పట్టిన నేలను బాగుచెయ్యడానికి ఈ ఫెర్న్‌ను పెంచి చూస్తున్నారు. నేలకు మేలు చేసే మొక్కే. కూరకు మాత్రం పనికిరాదు.

"ఇవన్నీ సరే. గోడకు మొక్క మొలిస్తే గోడ కూలదా?" అని అడుగుతారు. రావి మొక్క, మర్రి మొక్క మొలిస్తే కూలుతుంది. వాటి వేర్లు లావయ్యే కొద్దీ రాళ్ళను విడదీస్తాయి. వాటిని చిన్నప్పుడే తీసెయ్యాలి. మయూరశిఖ వేర్లు దారప్పోగుల్లా ఉంటాయి. అది లావయ్యేదీ లేదు, రాయిని తోసేదీ లేదు. గోడ కడిగేటప్పుడు రావి మొక్కనూ దీన్నీ ఒకే గాటన కట్టకండి.

నిజానికి ఈ మొక్కకు మన చీపురు కన్నా పెద్ద గండం వేరే ఉంది. నగరం పెరిగింది. గుట్టలు పగిలి కంకర అయ్యాయి, ఇళ్ళ పునాదులయ్యాయి. ఉలీ సుత్తీ పట్టిన కూలీలను ఇందులో తప్పు పట్టేది లేదు. వాళ్ళకు అది కూడు. గుట్టలు కొని అమ్మినవాళ్ళ సంగతి వేరు. 1996లో హైదరాబాదులో కొందరు కలిసి బండలను కాపాడడానికి ఒక సంఘం పెట్టారు. కొన్ని గుట్టలను కాపాడగలిగారు. చాలా గుట్టలు పోయాయి. బండ పోతే నెర్రె పోతుంది. నెర్రె పోతే అందులో మొక్క పోతుంది. కుండీలో పెట్టి రోజూ నీళ్ళు పోస్తే మయూరశిఖ బతకడం కష్టం. ఎక్కువ నీళ్ళకు కుళ్ళిపోతుంది.

ఈ మొక్కను చూడాలంటే వానలు మొదలయ్యాక పోవాలి. జూలై నుంచి అక్టోబరు దాకా మంచి రోజులు. పిల్లలను వెంట తీసుకుపోండి. మొక్కను వేళ్ళతో పీకవద్దు. వెనుక గోధుమ రంగు గీతలున్న ఆకు ఒక్కటి తెంపండి, చాలు.

ఇంటికి తెచ్చి ఆ ఆకును తెల్ల కాగితం మీద పెట్టండి. గీతలున్న వైపు కిందికి ఉండాలి. పైన ఒక గిన్నె బోర్లించండి. ఫ్యాను గాలి తగలకుండా చూడండి. ఒక రోజు కదపకుండా ఉంచి, గిన్నె తీసి, ఆకును మెల్లగా పైకి ఎత్తండి. గీతలు ముదిరి ఉంటే కాగితం మీద సన్నని పొడి రాలి ఉంటుంది. అవే సిద్ధబీజాలు. ఆకు ఎట్లా విచ్చుకుని ఉందో ఆ పొడి కూడా అట్లాగే గీతలు గీసి ఉంటుంది. కాగితం కింద తేదీ రాయండి. ఏ గుట్ట మీద, ఏ గోడ సందులో దొరికిందో రాయండి. మీ పేరు రాయండి.