అనంతపురానికి వాయేజ్!

పదవ తరగతి కుర్రాడొకడు హెడ్మాస్టరుగారికి ఇంగ్లీషులో సెలవుచీటీ రాశాడు. "మా నాన్నగారు వాయేజ్ మీద అనంతపురం వెళ్ళారు. ఇంటివద్ద ఎవరూ లేరు. రెండు రోజులు సెలవు ఇప్పించగలరు" అని దాని సారాంశం. హెడ్మాస్టరుగారు సెలవైతే ఇచ్చారు గాని, "అనంతపురానికి సముద్రం ఎప్పుడొచ్చిందోయ్?" అన్నారు. క్లాసంతా నవ్వింది. కుర్రాడికి మాత్రం ఏమీ అర్థం కాలేదు. అతని నోట్సులో వాయేజ్ అంటే 'ప్రయాణం' అనే ఉంది మరి!

మనలో చాలామంది చేసే పని ఇదే. జర్నీ, ట్రావెల్, ట్రిప్, టూర్, వాయేజ్ అన్నిటికీ ఎదురుగా 'ప్రయాణం' అని రాసుకుని బట్టీ పడతాం. పరీక్షలో ఖాళీలు పూరించేటప్పుడు మార్కులు పోయేది ఇక్కడే.

వాయేజ్ సంగతే ముందు చూద్దాం. దీని మూలం లాటిన్ భాషలో ఉంది. అక్కడ ఆ మాటకు అర్థం మన పెద్దలు చెప్పే దారిబత్తెం! ఫ్రెంచివారు బండి మీద వెళ్ళినా, ఓడ మీద వెళ్ళినా ఈ మాటే వాడతారు. ఇంగ్లీషులో మాత్రం అది సముద్రం మీదనో, అంతరిక్షంలోనో సాగే దూరప్రయాణానికే మిగిలింది. బీగిల్ అనే ఓడలో ఛార్లెస్ డార్విన్ 1831 డిసెంబరులో బయలుదేరి 1836 అక్టోబరులో తిరిగివచ్చాడు. అది వాయేజ్. తమాషా ఏమిటంటే, ఆ అయిదేళ్ళలో ఆయన ఓడలో కంటే నేల మీదనే ఎక్కువకాలం గడిపాడు. పాపం, ఓడ ఎక్కితే వాంతులు!

1977లో అమెరికా పంపిన రెండు వ్యోమనౌకలకు వాయేజర్ అని పేరు పెట్టింది కూడా అందుకే. వాటిలో రెండవది గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ గ్రహాలను వరసగా దర్శించింది. నాలుగు గ్రహాలనూ ఒకే దారిలో చూసిరావచ్చునన్న మొదటి పథకానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు 'గ్రాండ్ టూర్'. గమనించారా? టూర్ అంటే ఒక చోటికి పోవడం కాదు, పలుచోట్లు చుట్టడం. మంత్రిగారు జిల్లాలో చేసేది టూరే. మామూలుగా టూర్‌కు వెళ్ళినవారు ఇంటికి తిరిగివస్తారు. వాయేజర్లు మాత్రం ఇక రావు.

జర్నీకి మూలం ఫ్రెంచిలో 'రోజు' అనే మాట. ఒకనాటి నడక అని మొదటి అర్థం. ఇప్పుడు ఒకచోటి నుండి మరొక చోటికి పోవడమంతా జర్నీయే. "విజయవాడ నుండి విశాఖపట్నానికి రైలు జర్నీ" అనవచ్చు. తిరిగివచ్చే మాట ఇందులో లేదు. ట్రిప్‌లో ఉంది. పోయి, పని చూసుకుని, త్వరగా వచ్చేస్తే ట్రిప్. ఇసుక బండివాడు "రెండు ట్రిప్పులు వేశాను" అంటాడు చూడండి, అతను ఇంగ్లీషు చదవకపోయినా మాటను సరిగ్గానే వాడాడు!

అందరూ తప్పు చేసేది ట్రావెల్ దగ్గర. ఇది ముఖ్యంగా క్రియ. "శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ట్రావెల్ చేస్తుంది" అని సైన్సు పుస్తకం చెబుతుంది. అక్కడ జర్నీ పనికిరాదు. నామవాచకంగా వాడినప్పుడు దానిని లెక్కించరు. కనుక 'ఎ ట్రావెల్' అని రాస్తే తప్పు. 'ఎ జర్నీ', 'ఎ ట్రిప్' అనాలి.

ఒక లక్ష్యంతో, సరంజామాతో, జట్టుగా వెళితే ఎక్స్‌పెడిషన్. డాక్టర్ ఖాసిం నాయకత్వంలో 21 మంది 1981 డిసెంబరులో గోవా నుండి బయలుదేరి 1982 జనవరి 9న అంటార్కిటికా చేరారు. అది మన దేశపు మొదటి అంటార్కిటికా ఎక్స్‌పెడిషన్. అక్కడికి ఓడలో సాగినది వాయేజే. ఒకే ప్రయాణానికి రెండు పేర్లూ చెల్లాయన్నమాట. మీ బడి పిల్లలు టీచరుతో నాగార్జునసాగర్ చూసివస్తే అది ఎక్స్‌కర్షన్.

ఇంతకీ ఆ కుర్రాడు చీటీలో ఏమని రాయవలసింది? 'ఆన్ ఎ ట్రిప్ టు అనంతపూర్' అంటే సరిపోయేది. నన్నడిగితే 'మై ఫాదర్ హాజ్ గాన్ టు అనంతపూర్' అంటే ఇంకా బాగుండేది. ఈ మాటల్లో ఏదీ అక్కడ అవసరమే లేదు.